వీకెండ్ అంతా పాటల నాటకంలో బతకమంటున్నారు, వెళ్లనా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఐదేళ్లుగా ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో ఉంటున్నాం. మా టీమ్ లీడ్ ఇక్కడి ఆవిడే, వచ్చే నెల ఒక లార్ప్‌కి నన్ను కూడా రమ్మంటోంది. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా ఒక పాత బంగళాలో నలభై మంది ఉంటారట. 1934లో ఒక నాటక కంపెనీ, రెండు రోజుల్లో కొత్త మ్యూజికల్ మొదటి ప్రదర్శన, చేతిలో డబ్బుల్లేవు, లోపల గొడవలు. అందరం ఆ కంపెనీ మనుషుల్లాగే రెండు రోజులు గడపాలట, మనసులో మాట పొంగుకొస్తే మ్యూజికల్స్‌లోలా అక్కడికక్కడే పాట అందుకోవాలట! మా తాతయ్య పద్యనాటకాలు వేసేవారు, చిన్నప్పుడు ఆయన హార్మోనియం పక్కన కూర్చుని కొన్ని పద్యాలు నేర్చుకున్నాను. కానీ పాడి పదేళ్లయింది. ఇంగ్లిష్ పాటలు రావు, నా యాస వేరు. ప్రేమ సీన్లు ఉంటాయేమోనని ఇంకో టెన్షన్. మా ఆయనేమో "నూట ఎనభై పౌండ్లు పోసి దొంగాటలా?" అంటున్నారు. ఫారం పంపడానికి పది రోజులే ఉంది. వెళ్లనా, మానెయ్యనా?
– గొంతు పోయిన కోయిల

జవాబు:

కోయిల గారూ, వెళ్లండి. మీ ఉత్తరంలో గొంతు గురించి మూడు లైన్లు, ప్రేమ సీన్ల గురించి ఒక్క లైను రాశారు, నిజానికి ఆలోచించాల్సింది తిరగేసి. గొంతు సంగతి మీరు అనుకున్నంత పెద్దది కాదు. ఆ రెండోది మాత్రం డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి. రెండూ చెప్తాను.

లార్ప్ అంటే ఏమిటో తెలియని వాళ్లకి ఒక ముక్క. స్క్రిప్టు ఉండదు, ప్రేక్షకులు ఉండరు, ఎవరి వేషం వాళ్లు వేసుకుని ఆ మనిషిలాగే తింటూ తిరుగుతూ పోట్లాడుకుంటూ గడిపే ఆట. ఇంగ్లండ్‌లో ఇది కొత్తేం కాదు, 1982లోనే చెషైర్‌లో పెక్‌ఫర్టన్ కోటలో కత్తులూ రాక్షసులతో మొదలుపెట్టారు, ఇప్పటికీ ఎక్కువ మందికి లార్ప్ అంటే పొలంలో గుడారాలు, ఫోమ్ కత్తులే గుర్తొస్తాయి. మీరు రాసినదాన్ని బట్టి మీది ఆ రకం కాదు. నార్వే, స్వీడన్ వైపు పెరిగిన పద్ధతి అది. అక్కడి వాళ్లు 1997లో ఓస్లోలో మొదలుపెట్టి ప్రతి ఏడూ ఒకచోట కూడి ఈ ఆటలు ఎలా ఆడాలో గంటల తరబడి వాదించుకుంటారు. ఆ వాదనల్లోంచి వచ్చిన కొన్ని పద్ధతులు మీకు కావాలి, దానికి తర్వాత వస్తాను.

ముందు పాట.

మీ తాతగారి పద్యనాటకం గుర్తు చేసుకోండి. వచనం నడుస్తూ ఉంటుంది, నడుస్తూ నడుస్తూ ఒకచోట మాట చాలదు, హార్మోనియం శ్రుతి అందుకుంటుంది, పద్యం లేస్తుంది. మాట ఎక్కడ ఆపాలి, పద్యం ఎక్కడ ఎత్తుకోవాలి అన్నది మీ తాతగారికి ఎవరూ పుస్తకంలో చూపించి ఉండరు. న్యూయార్క్, లండన్ మ్యూజికల్స్ వాళ్లు చెప్పుకునేదీ అచ్చంగా అదే: మాట చాలనప్పుడు పాట, పాట కూడా చాలనప్పుడు డాన్సు. 1943లో న్యూయార్క్‌లో వచ్చిన ‘ఓక్లహోమా!’ని వాళ్లు ఇప్పటికీ తల్చుకోవడానికి ఒక పెద్ద కారణం, అందులో పాటలు కథని ఆపి పాడినవి కాకుండా కథనే ముందుకి తోసినవి కావడం. అంటే మీరు ఏమీ రాకుండా వెళ్లడం లేదు. ఆ నలభై మందిలో చాలామంది కన్నా ఈ ఒక్క విషయం మీ ఒంటికి ముందే పట్టి ఉంది.

కాకపోతే తాతగారి దగ్గర నేర్చుకున్న ఇంకో అలవాటుంది, అది గుమ్మం బయటే వదిలెయ్యాలి. వన్స్ మోర్. మా ఊళ్లో పెద్దవాళ్లు నవ్వుతూ చెప్పేవాళ్లు, జనం వన్స్ మోర్ అంటే చచ్చిపోయిన పాత్ర కూడా లేచి పద్యం ఇంకోసారి పాడి మళ్లీ చచ్చిపోయేదని. జనం ఎదురుగా ఉన్నారు కాబట్టి అక్కడ అది చెల్లింది. లార్ప్‌లో ఎదురుగా జనమే ఉండరు. నా మొదటిసారి నేను చేసిన తప్పు సరిగ్గా ఇదే. రెండు వారాలు కూర్చుని పెద్ద ఇంగ్లిష్ పాట ఒకటి బట్టీ పట్టాను, శనివారం రాత్రి భోజనాల బల్ల దగ్గర లేచి నిలబడి, చేతులు చాచి, పల్లవీ చరణాలూ మొత్తం పాడేశాను. అందరూ మర్యాదగా విన్నారు. చప్పట్లు కూడా కొట్టారు. అంతే, ఆ చప్పట్లతో సీను చచ్చిపోయింది, ఎందుకంటే అప్పటిదాకా నాతో పోట్లాడుతున్న మనిషిని నేను నాలుగు నిమిషాలపాటు ప్రేక్షకుడిగా మార్చేశాను, అతను మళ్లీ పోట్లాటలోకి ఎలా రావాలో తెలియక సూపు చల్లారిపోయిందన్నాడు.

అదే రాత్రి, ఇంకో రెండు గంటల తర్వాత, వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాం నలుగురం. అందులో ఒకామె వేషం ఏమిటంటే కంపెనీలో ఇరవై ఏళ్లుగా పక్క వేషాలే వేస్తున్న నటి. పళ్లెం తుడుస్తూ, ఎవరి వైపూ చూడకుండా, రెండే రెండు లైన్లు సన్నగా తీసింది, రేపు తెర లేచినప్పుడు కూడా నేను ఈ పక్కనే ఉంటాను అన్న అర్థంలో. గొంతు ఏమంత బాగాలేదు. పక్కనున్నాయన చెంచాతో సింకు అంచు మీద మెల్లగా దరువు వేశాడు. నాకు ఏం చేయాలో తోచక ఆమె రెండో లైనే మళ్లీ అన్నాను, వంతలాగా. ఆమె ఇంకో లైను కలిపింది, మేం ముగ్గురం మళ్లీ వంత. నీళ్లు అలా పోతూనే ఉన్నాయి, కుళాయి కట్టేద్దామని ఎవరికీ తోచలేదు. ఆ వీకెండ్‌లో నాకు ఇప్పటికీ గుర్తున్నది అదొక్కటే.

కాబట్టి ‘నేను పాడగలనా’ అని కాదు, ‘ఇంకొకరు పాట ఎత్తుకుంటే వంత పలకగలనా’ అని అడుక్కోండి. బుర్రకథలో వంతలు లేకపోతే కథకుడు ఎంతసేపు లాగుతాడు చెప్పండి? ఎవరైనా పాట అందుకోగానే మిగతా వాళ్లు బిగుసుకుపోయి వింటూ కూర్చుంటే పాడేవాళ్లకి చెమటలు పడతాయి, చివరి మాట పట్టుకుని ఇద్దరు కలిపితే చాలు, అది అందరి పాట అయిపోతుంది. వంత పలికే మనిషి అక్కడ బంగారం, అలాంటివాళ్లనే మళ్లీ మళ్లీ పిలుస్తారు.

అయినా సొంతంగా ఒకటి ఉండాలి అనిపిస్తే బట్టీ పట్టొద్దు. నాలుగు లైన్లు, ఒక వరస, అంతే పెట్టుకోండి. మ్యూజికల్స్‌లో మొదట్లోనే ముఖ్యపాత్ర తనకేం కావాలో ఒక పాటలో చెప్పేస్తుంది, చివరి భాగంలో గుండెలు కదిలిపోయే పాట ఇంకొకటి వస్తుంది. దాన్ని ‘పదకొండు గంటల పాట’ అంటారు, అప్పట్లో ప్రదర్శనలు రాత్రి ఎనిమిదిన్నరకి మొదలయ్యేవి కాబట్టి అది వచ్చేసరికి పదకొండు అయ్యేదట. ఈ రెండింటి మధ్యలో మొదటి వరసే మాటలు మార్చుకుని తిరిగొస్తుంది. మీరూ అలాగే చేయండి. శుక్రవారం ఆ నాలుగు లైన్లలో మీ పాత్రకి ఏం కావాలో చెప్పుకోండి, శనివారం అది చేజారుతున్నప్పుడు అదే వరసలో సగం పాడి ఆపేయండి, ఆదివారం మాటలు ఏమొస్తే అవి. పాతిక పాటలు నేర్చుకుని వెళ్లినవాళ్ల కన్నా ఇది బాగా పండుతుంది, పైగా రెండోసారికే అందరికీ వరస వచ్చేస్తుంది కాబట్టి వంత దానంతటదే దొరుకుతుంది.

వరస కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. తాతగారి పద్యాల్లో మోహన రాగంలో ఉన్నది ఒకటి కచ్చితంగా గుర్తుండే ఉంటుంది, అది పట్టుకోండి. మోహనలో ఉండేవి అయిదు స్వరాలే, స రి గ ప ద. స్కాట్లండ్, ఐర్లండ్ జానపదాల్లో బోలెడన్ని ఇదే అయిదింటి మీద నడుస్తాయి, కాబట్టి అక్కడివాళ్ల చెవికి అది పరాయిగా వినిపించదు. ఇంకో కిటుకు, ఆ బంగళాలో పియానో ఉంటే (సాధారణంగా మూల ఒకటి శ్రుతి తప్పి పడి ఉంటుంది) నల్ల మెట్లు మాత్రమే నొక్కమని ఎవరికైనా చెప్పండి. ఎఫ్ షార్ప్ నుంచి ఎత్తుకుంటే నల్ల మెట్లన్నీ కలిపి మోహనే. హార్మోనియం లెక్కలో నాలుగున్నర శ్రుతి, ఆడగొంతుకి హాయిగానే ఉంటుంది. పియానో రానివాడు కూడా తప్పుస్వరం కొట్టలేడు, ఆ నల్ల మెట్లలో లేనే లేదు కదా.

ఇంగ్లిష్‌లోనే పాడాలా అంటే అక్కర్లేదు. కోపమో దుఃఖమో పట్టలేనంత వచ్చినప్పుడు తెనాలి పిల్ల ఇంగ్లిష్‌లో ఎందుకు పాడుతుంది? ముందు ఒక్క ముక్క ఇంగ్లిష్‌లో అనండి, మా అమ్మ ఉత్తరం రాసింది అనో, జీతం ఇవ్వకపోతే వెళ్లిపోతాననో, ఆ తర్వాత తెలుగులో ఎత్తుకోండి. యాస గురించి ఇక రాయను, అది మీ పాత్ర యాస.

పాత్ర అంటే గుర్తొచ్చింది. ఫారం చూసి నిర్వాహకులు మీకో పాత్ర రాసి పంపుతారు కదా, అందులో ‘తూర్పు దేశపు రహస్య నర్తకి’ లాంటిది వస్తే మొహమాటపడకుండా వద్దని చెప్పండి. చెడ్డ ఉద్దేశంతో రాయకపోవచ్చు, కానీ రెండు రోజులపాటు ఆ గాజుబీరువాలో బొమ్మలా నిలబడాల్సింది మీరు. 1934 నాటి ఇంగ్లిష్ నాటక కంపెనీలో భారతీయురాలు ఎక్కడినుంచి వస్తుంది అని ఎవరైనా అంటే, 1908లో మన వాల్తేరులో పుట్టిన దేవికా రాణి 1920ల్లో లండన్‌లో రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో చదువుకుంది, బట్టల డిజైనింగ్ కూడా నేర్చుకుంది అని చెప్పండి. అతుకుల బొంత కథ అవసరమే లేదు.

నన్నడిగితే మీరు కాస్ట్యూమ్స్ మనిషి వేషం అడగండి. మెడలో కొలతల టేపు వేసుకుంటే చాలు, ఏ గదిలోకైనా వెళ్లొచ్చు, హీరోయిన్ నడుము కొలుస్తుంటే ఆవిడ మేనేజర్ మీద చాడీలు మీకే చెప్తుంది, మేనేజర్ కోటు గుండీ కుడుతుంటే అప్పుల సంగతి ఆయనే చెప్తాడు. సీను ఇబ్బందిగా ఉందా, సూదులు మర్చిపోయానని బయటికొచ్చేయండి. అది వద్దంటే స్టేజి మేనేజరు. గడియారం చేతిలో ఉన్న మనిషి చుట్టూ ఆట తిరుగుతుంది. ఇక్కడి థియేటర్లలో ‘హాఫ్’ అని పిలుపు ఉంటుంది, పేరుకి అరగంట, నిజానికి తెర లేవడానికి 35 నిమిషాల ముందు పిలుస్తారు, ఎందుకంటే మొదటి సీను వాళ్లు 5 నిమిషాల ముందే స్టేజి దగ్గర ఉండాలి. ఈ ఒక్క ముక్క పట్టుకుని ఆదివారం పొద్దున మీరు మెట్ల దగ్గర నిలబడి కేక వేయండి, నలభై మంది పరుగెత్తకపోతే చూడండి.

ఇప్పుడు ప్రేమ సీన్ల సంగతి. ఫారంలో సాధారణంగా ఒక ప్రశ్న ఉంటుంది, ఏవి ఆడతారు, ఏవి ఆడరు అని. లేకపోతే మీరే మెయిల్ రాసి అడగండి. ‘ప్రేమ కథ వద్దు’ అని ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది, కారణం చెప్పనక్కర్లేదు. ప్రేమ ఫర్వాలేదు, తాకడం వద్దు అనుకుంటే అదే రాయండి. చేతులు పట్టుకోవడం వరకే అనుకుంటే అదీ. ‘కంఫర్టబుల్‌గా ఉండదేమో’ లాంటి మెత్తటి మాటలు మాత్రం రాయొద్దు, అవతలివాళ్లకి గీత ఎక్కడుందో తెలియదు. మనం మొహమాటానికి పుట్టినవాళ్లం, అక్కడ మొహమాటం అవతలి మనిషిని కూడా ఇరకాటంలో పెడుతుంది.

ఆట మొదలుకాకముందు వర్క్‌షాప్ ఉంటుంది, కొన్ని సైగలు నేర్పుతారు. ‘కట్’ అంటే అక్కడికక్కడ ఆట ఆగాలి. ‘బ్రేక్’ అంటే ఆగక్కర్లేదు, వేడి తగ్గించాలి. కళ్ల ముందు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎండకి పెట్టుకున్నట్టు, నడిచి వెళ్లిపోతే ‘నన్ను అడగొద్దు, నేను పోతున్నాను’ అని, ఎవరూ వెనక రారు. ఇంకొకటి, ఎదుటివాళ్లు బొటనవేలు చూపుడువేలు సున్నాలా చుట్టి చూపిస్తే ‘నువ్వు బాగానే ఉన్నావా’ అని అడిగినట్టు. బాగుంటే బొటనవేలు పైకి, బాగాలేకపోతే కిందికి, తెలియకపోతే అరచెయ్యి అటూ ఇటూ ఊపాలి. దయచేసి తల ఊపకండి. మన తలూపుడు మనకే అవునో కాదో తెలియదు, పాపం వాళ్లకేం తెలుస్తుంది. ఇవన్నీ శుక్రవారం వర్క్‌షాప్‌లో సిగ్గుపడకుండా రెండు మూడుసార్లు చేసి చూడండి, అసలు సమయంలో చెయ్యి దానంతటదే లేవాలి. ఈ పద్ధతులు మా దగ్గర ఉండవండీ, అందరం ఫ్రెండ్సే కదా అని నిర్వాహకులు అన్నారనుకోండి, అప్పుడు నా సలహా మార్చుకుంటాను. వెళ్లొద్దు.

టీమ్ లీడ్ విషయం మీరు మామూలుగా రాసేశారు గానీ నాకు అక్కడే కొంచెం గుచ్చుకుంది. ఆవిడ మంచిదే కావచ్చు. అయినా మీ ఇద్దరి పాత్రలకీ నేరుగా సంబంధం లేకుండా చూడమని నిర్వాహకులని అడగండి, ముఖ్యంగా ఆవిడ యజమాని మీరు పనిమనిషి లాంటిది అసలొద్దు. ఏడ్చే సీనులో మీరుంటే సోమవారం మీటింగ్‌లో ఆవిడ మొహం చూడటం ఎలాగుంటుందో ఊహించుకోండి. ఆవిడతో కూడా ముందే ఓ కాఫీ తాగుతూ అనేయండి, అక్కడ జరిగింది ఆఫీసులో మాట్లాడుకోవద్దని. ఫొటోలు ఎవరు తీస్తారు, ఎక్కడ పెడతారు అన్నదీ అడగండి. వద్దంటే తీయరు, ముందే చెప్తే.

మీ ఆయనకి ‘లార్ప్’ అని చెప్పకండి, రెండు రోజుల నాటకాల కేంపు, తాతయ్య చేసినట్టే, కాకపోతే జనం ఉండరు అని చెప్పండి. ఆ ప్రేమ సీన్ల ఫారం కూడా ఆయన ముందే నింపండి. అనుమతి కోసం కాదు, వినకపోతే ఆయన ఊహించుకునేది అసలుదానికన్నా ఘోరంగా ఉంటుంది. నూట ఎనభై పౌండ్లకి పడకా భోజనం కలిపేనా, బట్టలు అద్దెకి విడిగానా, రాలేకపోతే ఎంత వెనక్కిస్తారు అన్నవి కనుక్కోండి. బట్టలకి మళ్లీ వంద పెట్టొద్దు, ఛారిటీ షాపులో నల్ల గౌను చాలు, చేనేత చీర ఉంటే ఇంకా మంచిది, 1934కీ ఇప్పటికీ దానికి పెద్ద తేడా లేదు. శాకాహారమైతే ఫారంలో రాయండి, ఇక్కడ అది కొత్త సంగతేం కాదు. ఆవకాయ సీసా మాత్రం మీ పెట్టెలో ఉండాల్సిందే. పడక ఎలా ఉంటుందో తప్పకుండా అడగండి, ఒక్కోసారి ఎనిమిది మంది ఒక గదిలో, పైకీ కిందికీ మంచాలు.

ఇక ఎవరూ ముందుగా చెప్పని సంగతి. ఆట ఆదివారం అయిపోతుంది, లోపల మాత్రం అవదు. రెండు రోజులు ఒకరిలా ఏడ్చి నవ్వి, వచ్చేసరికి అంట్లూ, ఉతకాల్సిన బట్టలూ, ఆఫీసు మెయిళ్లూ. పాత్ర బాధ మన బాధలో కలిసిపోవడాన్ని వాళ్లు ‘బ్లీడ్’ అంటారు, రంగు తడిబట్టలో దిగినట్టు. ఆట కాగానే అందరూ కూర్చుని మాట్లాడుకునే గంట ఒకటి ఉంటుంది, రైలుందని అది ఎగ్గొట్టొద్దు. నేను ఎగ్గొట్టాను ఒకసారి, రైల్లో లీడ్స్ దాకా ఎందుకేడుస్తున్నానో తెలియకుండా ఏడ్చాను, ఎదురుగా కూర్చున్న పెద్దావిడ పాపం తన శాండ్‌విచ్‌లో సగం నాకిచ్చింది. మీరు తాతగారి పద్యం పాడితే ఆయన కూడా వచ్చి కూర్చుంటారు, అది ముందే తెలిసి వెళ్లండి.

ఆదివారం సాయంత్రం ఆలస్యపు రైలుకి టికెట్ తీసుకోండి, సోమవారం సెలవు ఇప్పుడే పెట్టేయండి. ఆ సోమవారం వంట మీ ఆయనది, చారు పెట్టి అప్పడాలు వేయిస్తే చాలు, అంతకన్నా అడగొద్దు. ఈలోపు రోజుకి పది నిమిషాలు, కారులోనో స్నానాల గదిలోనో, ఆ మోహన పద్యం తీసి చూస్తూ ఉండండి. ఫారంలో ‘పాడటం వచ్చా’ అని గడి ఉంటుంది, అక్కడ ‘వంత పలుకుతాను’ అని రాయండి, వాళ్లు అదేమిటని అడుగుతారు, అప్పుడు చెప్పొచ్చు.